కోషర్ ఫలాఫెల్ బండి దగ్గర మధ్యాహ్న భోజనం: శాకాహారుల కోసం సమగ్ర మార్గదర్శి

న్యూయార్క్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో శాకాహారులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "మా ఆఫీసు దగ్గర కోషర్ ఫలాఫెల్ ట్రక్కు ఆగుతుంది, అక్కడ కళ్లు మూసుకుని తినవచ్చా?" తినవచ్చు గానీ కళ్లు తెరుచుకునే తినాలి. ఫలాఫెల్ అంటే శనగలు రుబ్బి నూనెలో వేయించిన ఉండ. కోషర్ అంటే శాకాహారం అనే అపోహ మనవారిలో బలంగా ఉంది. కోషర్ అంటే యూదుల ఆహార నియమాలకు లోబడినది అని అర్థం. ఆ నియమాలు మాంసాన్నీ పాలనూ కలవనివ్వవు. శాకాన్నీ మాంసాన్నీ వేరుచేయడం వాటి ఉద్దేశం కాదు. ఈ తేడా తెలిస్తే బండి దగ్గర ఏమి అడగాలో, ఏమి వెంట తీసుకువెళ్లకూడదో చాలావరకు మీకే తోస్తుంది.

ఇక్కడ రాసినది మాన్‌హట్టన్ నడిబొడ్డున, 47వ వీధి వజ్రాల బజారు పరిసరాల్లో ఆగే బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. నియమాలు మాత్రం ఏ ఊళ్లోని కోషర్ బండికైనా వర్తిస్తాయి.

1. ముందుగా బండి ఏ కోవకు చెందినదో తెలుసుకోవాలి

కోషర్ వంటశాల ఏదైనా మూడు కోవల్లో ఒకదానికి చెందుతుంది. బోర్డు మీద గానీ, అద్దానికి అంటించిన పత్రం మీద గానీ ఆ మాట రాసి ఉంటుంది.

మీట్: ఇక్కడ మాంసం వండుతారు, పాల పదార్థం ఒక్కటి కూడా ఉండదు. షవర్మా (చువ్వ మీద కాల్చి కోసిన మాంసం), ష్నిట్జెల్ (రొట్టెపొడి అద్ది వేయించిన పలుచని మాంసం ముక్క) అమ్మే బండ్లన్నీ ఈ కోవవే. బోర్డు మీద "గ్లాట్" అనే మాట కనిపిస్తే అది మాంసానికి సంబంధించిన మాట కాబట్టి లోపల మాంసం ఉన్నట్టే లెక్క.

డెయిరీ: ఇక్కడ పాలు, చీజ్ ఉంటాయి, మాంసం ఉండదు. అయితే చేప ఉండవచ్చు, గుడ్డు ఉండవచ్చు.

పరేవ్: మాంసమూ పాలూ రెండూ లేనిది. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఈ మాట దగ్గరే. యూదుల లెక్కలో చేప మాంసం కాదు, గుడ్డు కూడా కాదు. ఆ రెండూ పరేవ్ కిందికే వస్తాయి. కాబట్టి పరేవ్ అనే ముద్ర చూసి శాకాహారమని అనుకోవడం పొరపాటు.

ఫలాఫెల్ ఉండ స్వభావరీత్యా శాకాహారమే. నానబెట్టిన పచ్చి కాబూలీ శనగలను ఉడికించకుండా రుబ్బి, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, పార్స్లీ, జీలకర్ర, ధనియాలు కలిపి నూనెలో వేయిస్తారు. మసాలా వడ తిని పెరిగినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. చిక్కు ఉండలో లేదు, అది వేగే నూనెలో ఉంది. మీట్ బండిలో అదే మూకుడులో కోడి ష్నిట్జెల్ కూడా వేగుతూ ఉండవచ్చు. కోషర్ నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే అక్కడ పాలు కలవలేదు.

2. ధ్రువపత్రాన్ని చదవడం

మీరు కోషర్ పాటించేవారు కాకపోతే ఈ మెట్టు దాటవేయవచ్చు. పాటించే సహోద్యోగిని వెంట తీసుకువెళ్తున్నట్లయితే మాత్రం దాటవేయకూడదు.

బండి మీద ధ్రువీకరణ సంస్థ పేరు గానీ రబ్బీ (యూదుల మతగురువు) పేరు గానీ ఉన్న పత్రం, దాని గడువు తేదీ కనిపించాలి. గడువు దాటిన పత్రం లేని పత్రంతో సమానం. "కోషర్ స్టైల్" అని రాసి ఉంటే అది రుచి గురించి చెప్పిన మాటే తప్ప ధ్రువీకరణ కాదు. ఒట్టి "కే" అక్షరం ఎవరైనా వేసుకోగలిగినది. వలయం లోపల "యూ" అక్షరం ఉన్న ఆర్థడాక్స్ యూనియన్ గుర్తు మాత్రం నమోదైన గుర్తు. ఆ గుర్తు పక్కన "డి" ఉంటే పాలు ఉన్నట్టు. "పి" ఉంటే చాలామంది పరేవ్ అనుకుంటారు గానీ అది పాస్ఓవర్ పండుగకు పనికివస్తుందని చెప్పే అక్షరం.

నగర ఆరోగ్య శాఖ ఇచ్చే గ్రేడు కార్డు వేరు, కోషర్ పత్రం వేరు. తనిఖీలో 0 నుంచి 13 లోపు పాయింట్లు వస్తే ఏ గ్రేడు, 14 నుంచి 27 వరకు బీ, 28 గానీ అంతకు మించి గానీ వస్తే సీ. ఇక్కడ పాయింట్లు తప్పులకు వేసేవి కాబట్టి తక్కువ ఉంటేనే మేలు. శుభ్రత సంగతి తేల్చుకోవడానికి చూడవలసినది ఈ కార్డునే.

3. ఏ రోజు, ఏ వేళ వెళ్లాలి

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. ఆ సమయంలో కోషర్ బండి నడవదు. డిసెంబరులో న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి, బండివారు సర్దుకుని ఇల్లు చేరడానికి శుక్రవారం మధ్యాహ్నమే మూసివేయవచ్చు, అసలు రాకపోవచ్చు. చలికాలపు శుక్రవారాన్ని మీ జాబితా నుంచి తీసివేయడం మంచిది.

పండుగల సంగతికి వస్తే, యూదుల నెలలు కూడా మన నెలల్లాగే చంద్రుడిని అనుసరించి నడుస్తాయి కాబట్టి మనకు లెక్క సులువు. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చే ఒక అమావాస్య వెళ్లిన వెంటనే వారి నూతన సంవత్సరం రోష్ హషానా, అక్కడి నుంచి పదో రోజున యోమ్ కిప్పుర్ ఉపవాసం, పున్నమి నాటికి సుక్కోత్ మొదలవుతాయి. ఆ నెలలో బండి ఏ రోజు ఉంటుందో ముందుగా అడిగి ఉంచుకోవాలి. వసంతకాలపు పున్నమికి పాస్ఓవర్ వస్తుంది; ఇజ్రాయెల్ వెలుపల అది ఎనిమిది రోజులు. ఆ రోజుల్లో పొంగిన రొట్టె నిషిద్ధం కాబట్టి ఫలాఫెల్ పెట్టి ఇచ్చే పీటా రొట్టె ఉండదు, అనేకులు శనగలను కూడా ముట్టరు. అంటే ఫలాఫెల్ బండికి అమ్మడానికి ఏమీ మిగలదు.

ఇక వేళ. మిరపకాయ బజ్జీల బండి దగ్గర మనం ఏ సూత్రం పాటిస్తామో ఇక్కడా అదే: వాయి దిగుతున్నప్పుడు తినాలి. పన్నెండున్నర ప్రాంతంలో వరుస పొడవుగా ఉన్నా కదులుతూ ఉంటుంది, ఉండలు మూకుడులోంచి నేరుగా రొట్టెలోకి వెళ్తాయి. రెండున్నరకు వెళ్తే వరుస ఉండకపోవచ్చు గానీ, పళ్లెంలో గుట్టపోసి ఉన్న ఉండలు గట్టిపడి ఉంటాయి. ఖాళీ బండిని చూసి సంతోషపడటం ఈ విషయంలో నష్టదాయకం.

4. బయలుదేరే ముందు

వెంట ఉంచుకోవలసినవి:
☐ కొంత నగదు (కార్డు యంత్రం పనిచేయని రోజు ఒకటి వస్తుంది)
☐ మీ సొంత టిష్యూ కాగితాలు, బండివారు ఇచ్చే రెండింటితో పని జరగదు
☐ మంచినీళ్లు
☐ లేతరంగు చొక్కా వేసుకున్న రోజైతే మరికొన్ని టిష్యూలు

బండి దగ్గరికి తీసుకురాకూడనివి:
☐ మూత తీసిన టిఫిన్ డబ్బా
☐ పెరుగు, మజ్జిగ, పాల కాఫీ
☐ "ఇది కాస్త వేడిచేసి పెడతారా" అని అడగడానికి తెచ్చిన ఏ ఇంటి వంటకమైనా

ఈ రెండో జాబితా స్వయంగా పొరపాటు చేసిన అనుభవంతో రాశాను. కొత్తలో ఒకసారి ఒక మీట్ బండి దగ్గర డబ్బులు తీయడానికి చేతులు ఖాళీ లేక పెరుగన్నం డబ్బాను వారి గట్టు మీద పెట్టాను. లోపలి మనిషి మర్యాదగానే తీయించాడు, ఆ తర్వాత ఆ చోటంతా తుడుచుకున్నాడు. మడి వంటింటి పద్ధతి తెలిసినవారికి సంగతి వెంటనే అర్థమవుతుంది. అయితే ఇక్కడి పట్టింపు మనిషి తాకడం గురించి కాదు, బయటి ఆహారం, అందులోనూ పాలు, ఆ గట్టును తాకడం గురించి. మీరు ఎవరైనా సరే గట్టును ఆనుకుని నిలబడవచ్చు, మీ డబ్బా మాత్రం సంచిలోనే ఉండాలి.

5. వరుసలో ఉండగా అడగవలసిన ప్రశ్నలు

మీ వంతు వచ్చాక కాకుండా, ముందున్నవారి పని నడుస్తుండగానే కళ్లతో సగం జవాబులు రాబట్టవచ్చు. మూకుళ్లు ఎన్ని ఉన్నాయి, ఒకే పట్టకారుతో మాంసమూ ఫలాఫెల్‌ కూడా తీస్తున్నారా అన్నది చూస్తే తెలుస్తుంది. మిగిలినవి అడగాలి, ఈ క్రమంలో:

మొదటిది, ఈ నూనెలో ఇంకేమైనా వేయిస్తారా? బంగాళాదుంప చిప్స్ అన్న జవాబు వస్తే ఇబ్బంది లేదు. కోడి గానీ చేప గానీ అన్న జవాబు వస్తే నిర్ణయం మీది.

రెండోది, ఉండల పిండిలో గుడ్డు గానీ మైదా గానీ కలుస్తుందా? కొందరు ఉండ విడిపోకుండా కలుపుతారు. గోధుమ పడనివారికి కూడా ఇది ముఖ్యమైన ప్రశ్నే.

మూడోది, ఆ తెల్లటి సాస్ ఏమిటి? తహీనీ అయితే అది నువ్వుల ముద్ద, నిమ్మరసం, నీళ్లు, వెల్లుల్లి. మయోనీజ్ అయితే అందులో గుడ్డు ఉంటుంది. మీట్ బండిలో పెరుగు సాస్ ఉండే ప్రసక్తే లేదు కాబట్టి ఆ విషయంలో పాల పదార్థాలు కూడా ముట్టని వీగన్లకు డెయిరీ బండి కంటే మీట్ బండే మేలు; వినడానికి విడ్డూరంగా ఉన్నా లెక్క అదే.

నువ్వులు పడనివారు తహీనీని, దానితో శనగలు కలిపి రుబ్బి చేసే హమ్మస్‌ను కూడా వదలాలి. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ ఆహారం మీద నువ్వులను ప్రధాన అలర్జీ కారకాల్లో తొమ్మిదోదిగా పేర్కొనడం తప్పనిసరి అయింది గానీ, బండిలో కట్టి ఇచ్చే రొట్టె మీద అటువంటి చీటీ ఉండదు. నోరు తెరిచి అడగడమే మార్గం.

ఉల్లి, వెల్లుల్లి తినని రోజుల్లో, అంటే కార్తీక సోమవారం వంటి రోజుల్లో, ఫలాఫెల్ జోలికి పోకపోవడమే ఉత్తమం. ఆ రెండూ పిండిలోనే రుబ్బి ఉంటాయి కాబట్టి "వేయకండి" అని చెప్పి ప్రయోజనం లేదు. వజ్రాల బజారులో గుజరాతీ జైన వ్యాపారులు చాలామందే ఉన్నారు, అందుకని బండివారికి ఈ ప్రశ్న కొత్తగా ఉండకపోవచ్చు. జవాబు మాత్రం మారదు.

6. పీటా, లాఫా, ప్లేటు: ఏది కోరాలి

పీటా జేబులాంటి రొట్టె. నాలుగైదు ఉండలు, కూరముక్కలు అందులో ఇముడుతాయి. నిలబడి తినేవారికి ఇదే సరైనది.

లాఫా పెద్ద పలుచని రొట్టె, చుట్టి ఇస్తారు. ఆకలి బాగా ఉంటే తప్ప మధ్యాహ్నానికి వద్దు. తిన్నాక మూడు గంటల మీటింగులో కళ్లు మూతలు పడతాయి.

ప్లేటు తీసుకుంటే ఉండలు విడిగా, సలాడ్లు విడిగా వస్తాయి. గోధుమ పడనివారికి, కూర్చునే చోటు ఉన్నవారికి ఇది అనుకూలం. మూత పెట్టిన డబ్బాలో ఉండలు తమ ఆవిరికి తామే మెత్తబడతాయి కాబట్టి, డబ్బా అందుకున్న మరుక్షణం మూతను ఓరగా తెరవాలి.

7. రొట్టె లోపల వరుస

ఎక్కువ మంది ఇక్కడ "అన్నీ వేయండి" అని ఊరుకుంటారు. అన్నీ వేయించుకోవడంలో తప్పు లేదు గానీ ఏది ముందు, ఏది వెనుక అన్నదే భోజనం కుదిరిందా లేదా తేలుస్తుంది. బండిలోని మనిషి వేగంగా పనిచేస్తాడు కాబట్టి, మీరు చెప్పవలసినది రొట్టె చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి.

మొదట హమ్మస్‌ను రొట్టె లోపలి గోడలకు రాయించాలి. సలాడ్ నీరు రొట్టెలోకి ఇంకకుండా అది అడ్డుపడుతుంది.

తర్వాత అడుగున రెండు ఉండలు. వీటిని చెంచా వెనుక భాగంతో కాస్త అదిమితే పగులుతాయి, అప్పుడు పైనుంచి వచ్చే తహీనీ లోపలికి దిగుతుంది.

వాటి మీద టమాటా, కీరదోస సన్నగా తరిగిన సలాడ్ ఒక చెంచా, నీరు ఓడ్చి. ఓడ్చమని చెప్పడం మరవకూడదు.

మళ్లీ రెండు ఉండలు. ఆపైన క్యాబేజీ, ఉప్పునీటిలో ఊరిన దోసకాయ, ఉంటే వేయించిన వంకాయ ముక్క. ఈ వంకాయను కాదనవద్దని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

చివర తహీనీ ధారగా, దాని మీద కారం.

కొన్ని బండ్లలో చిప్స్ కూడా పీటాలోనే దోపుతారు. వద్దని చెప్పి విడిగా తీసుకుంటే మెత్తబడవు, ఉండలకు చోటూ మిగులుతుంది.

ఇక్కడ ఒక విషయం. పురుగులు తినడం యూదులకు నిషిద్ధం కాబట్టి కోషర్ పర్యవేక్షణలో ఆకుకూరలను కడిగి, పురుగు లేదని చూసుకున్న తర్వాతే వాడతారు. కొత్తిమీర కట్టలో ఏమేమి దాగుతాయో తెలిసిన శాకాహారికి ఇది ఊరట కలిగించే సంగతి.

8. కారం, పులుపు

"ఖరీఫ్?" అని అడిగితే మన ఖరీఫ్ పంటల గురించి కాదు, హీబ్రూలో ఆ మాటకు కారం అని అర్థం.

జూగ్ అనేది యెమెన్ యూదుల పచ్చిమిరప నూరుడు. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర అందులో ఉంటాయి. మన పచ్చిమిరపకాయ పచ్చడిలో కారాన్ని చింతపండు పట్టి ఉంచుతుంది. జూగ్‌లో అటువంటి పులుపు లేదు కాబట్టి కారం సూటిగా తగులుతుంది. గుంటూరు కారం తిన్నవాళ్లం అనే ధీమాతో రెండు చెంచాలు వేయించుకున్న మిత్రులు మిగతా రుచులేవీ తెలియకుండానే భోజనం ముగించారు. మొదటిసారి అర చెంచా, అదీ ఒక పక్కకు.

అంబా మామిడికాయ ముక్కలు, పసుపు, మెంతులు, ఉప్పుతో చేసే జారుడు పచ్చడి. పేరు మరాఠీ మామిడిపండుదే. ముంబైలో వ్యాపారం చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా అటు వెళ్లిందని చెబుతారు. రుచి మెంతికాయకు దూరపు చుట్టం అనిపిస్తుంది, నూనె, కారం మాత్రం అంత ఉండవు. జూగ్, అంబా రెండూ కలిపి వేయించుకోవద్దు. అంబాలోని మెంతి చేదు జూగ్ కింద అణిగిపోతుంది. నా మట్టుకు నేను అంబానే ఎంచుకుంటాను.

9. తినడం

అందుకున్న పది నిమిషాల్లోపు మొదలుపెట్టాలి. 47వ వీధి నుంచి బ్రయంట్ పార్కు ఐదారు నిమిషాల నడక, అక్కడ ఎవరైనా కూర్చోగలిగే కుర్చీలు ఉంటాయి. నడిచేటప్పుడు ఫాయిల్ పైభాగం తెరిచే ఉంచాలి.

ఫాయిల్‌ను మొత్తంగా విప్పకూడదు. అరటిపండు తొక్క ఒలిచినట్టు, తింటున్న కొద్దీ అంగుళం చొప్పున కిందికి దించాలి. అడుగున ఉన్న ఫాయిలే మీ చొక్కాను కాపాడేది.

పీటాను నిలువుగా పట్టుకుని, ముందుకు వంగి, పై అంచు మొత్తాన్ని సమంగా తింటూ రావాలి. ఒక మూల నుంచి కొరుక్కుంటూ దిగితే ఆ పక్కన చిరుగు పడి, తహీనీ మోచేతి దాకా కారుతుంది. పైభాగం మరీ నిండుగా ఉంటే మొదటి రెండు మూడు ముద్దలు ఫోర్కుతో తీసుకుని తినడంలో నామోషీ ఏమీ లేదు.

10. తరచు జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

రొట్టె అడుగు తడిసి చిరిగింది: వెనక్కి వెళ్లి ఒక ఖాళీ ప్లేటు అడిగి అందులోకి దించేయాలి. మీరు కొరికిన రొట్టెను గట్టు మీద పెట్టి మళ్లీ కట్టివ్వమనకూడదు.

ఉండ లోపల పిండి పిండిగా, పచ్చిగా ఉంది: లోపలి దాకా వేగకముందే తీసిన వాయి అది. తినకుండా చూపించి మార్చమనాలి.

ఉండ పొడిగా ఉండి గొంతు పట్టుకుంటోంది: చల్లారిన ఉండ. ఇంకొంచెం తహీనీ అడిగితే సర్దుకుంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు వేళ మార్చుకోవాలి.

కారం మించిపోయింది: మీట్ బండిలో పెరుగు అడగవద్దు, ఉండదు. తహీనీ గానీ, ఒట్టి పీటా ముక్క గానీ తినాలి. నీళ్లు తాగితే మంట తగ్గదు.

11. కోషర్ పాటించే సహోద్యోగి వెంట ఉన్నప్పుడు

బండిని ఆయననే ఎంచుకోనివ్వాలి. కోషర్ పాటించేవారందరూ అన్ని ధ్రువపత్రాలనూ ఒప్పుకోరు, అది వారి వారి సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది.

రొట్టె తినే ముందు ఆయన ఒక గ్లాసుతో చేతుల మీద నీళ్లు పోసుకుని, ప్రార్థన చదివి, రొట్టె ముక్క నోట్లో పెట్టుకునేదాకా మాట్లాడకపోవచ్చు. మీరు అడిగిన దానికి జవాబు రాకపోతే కోపం వచ్చిందని అనుకోవద్దు. ఆ కాసేపు మౌనం పాటించడం వారి ఆచారం.

ఆయన షవర్మా తిన్నట్లయితే, తర్వాత "పదండి, లాటే తాగుదాం" అని బలవంతపెట్టకూడదు. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు, కొన్ని సంప్రదాయాల్లో మూడు గంటలు, మరికొన్నింటిలో ఒక గంట. పాలు లేని టీ అయితే కబుర్లకు అడ్డు ఉండదు.

12. మిగిలితే

కట్టించిన పీటాను సాయంత్రానికి దాచుకోవద్దు. రొట్టె, సలాడ్ కలిసి ముద్దవుతాయి. దాచవలసి వస్తే ఉండలను విడిగా తీసి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజు ఆ గడువు ఒక గంటే. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే తోలులా సాగుతాయి; ఎయిర్ ఫ్రయర్‌లో గానీ, అట్లపెనం మీద నూనె చుక్క వేసి గానీ వేడిచేస్తే పైపొర మళ్లీ కరకరలాడుతుంది.

చొక్కా మీద అంబా పడితే టిష్యూతో రుద్దకూడదు, పసుపు నూలులోకి ఇంకుతుంది. గట్టిగా ఉన్నదాన్ని చెంచాతో గీకి తీసి, చన్నీళ్లతో వెనుక వైపు నుంచి తడిపి, ఇంటికి వెళ్లాక సబ్బు పెట్టి ఎండలో ఆరవేయాలి.